సిరిమానుకి ముందు గోడ మీద నల్ల మచ్చలు: ఏ రంగు వేయిస్తే పోతాయి?

గంటస్తంభం_అమ్మాయి | సెప్టెంబరు 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. కింద వాటాలో అద్దెకుంటున్నాం, ఓనరు గారు పైన ఉంటారు. ఇల్లు కట్టి ఏడేళ్లయింది. నిన్న ఊడుద్దామని హాల్లో బీరువా జరిపితే వెనకాల గోడంతా నల్లగా చుక్కలు చుక్కలుగా బూజు. అరచేయి ఆనిస్తే చల్లగా, కాస్త జిడ్డుగా ఉంది. ఇది కాక బాత్రూమ్ పక్కనున్న చిన్న గదిలో కింద నుంచి మోకాలెత్తు వరకు రంగు పొక్కి తెల్లటి పొడి రాలుతోంది. తుడిస్తే నాలుగు రోజులకి మళ్లీ వస్తోంది. పాపకి నాలుగేళ్లు. ఈ నెలంతా రాత్రిళ్లు దగ్గుతోంది.

పైడితల్లమ్మ సిరిమాను జాతరకి మా అత్తగారి వైపు వాళ్లు పదిహేను మంది దిగుతారు. పెయింటర్ వచ్చి చూసి, గీకేసి లప్పం పెట్టి ఫంగస్ రాని పెయింట్ రెండు కోటింగులు వేస్తే సరిపోద్దన్నాడు. పద్దెనిమిది వేలు అడిగాడు. ఓనరు గారు సగం పెట్టుకుంటామన్నారు. ఏ రంగు మంచిదో కాస్త చెప్పండి.

రింగురోడ్డు_రాజా | సెప్టెంబరు 14, రాత్రి 9:41

డ్యాంప్ ప్రూఫ్ పెయింట్ కొట్టించేయండి అక్కా. మా ఇంట్లో కొట్టించాం, సూపర్‌గా ఉంది.

సైట్_మేస్త్రి | సెప్టెంబరు 14, రాత్రి 9:44

ఎన్నాళ్లయింది తమ్ముడూ కొట్టించి?

రింగురోడ్డు_రాజా | సెప్టెంబరు 14, రాత్రి 9:45

రెండు నెలలు.

సైట్_మేస్త్రి | సెప్టెంబరు 14, రాత్రి 10:30

వచ్చే ఏడాది ఇదే నెలలో ఇక్కడికొచ్చి చెప్పు తమ్ముడూ.

మేడమ్, నేను ఇరవై రెండేళ్లుగా శ్రీకాకుళం, రాజాం, విజయనగరం వైపు ఇళ్లు కడుతున్నాను. మన దగ్గర ఏటా జరిగే తప్పు ఒకటుంది. విజయనగరంలో పండగంటే దసరా, పైడితల్లమ్మ జాతర. ఇంటికి చుట్టాలొస్తారు కాబట్టి రంగులన్నీ సెప్టెంబరులో వేయిస్తారు. అంటే వానాకాలమంతా నీళ్లు తాగి గోడ నిండుగా ఉన్నప్పుడు దాని మీద ప్లాస్టిక్ లాంటి పెయింట్ పూసి మూత పెట్టేస్తాం. లోపలి నీరు బయటికి రావాలి కదా. సంక్రాంతికల్లా బుడగలు, ఉగాదికల్లా పెచ్చులు. మళ్లీ సెప్టెంబరులో పెయింటర్‌కి ఫోను. అతని తప్పు లేదు, పిలిచింది మనం.

మీరు చెప్పినవి రెండూ ఒకటి కాదనిపిస్తోంది. బీరువా వెనక నల్ల చుక్కలు ఫంగసే. చిన్న గదిలో తెల్ల పొడి మాత్రం చాలావరకు ఉప్పు. ఇటుకలో, సిమెంటులో, ఇసుకలో ఉన్న లవణాలు నీళ్లలో కరిగి పైకొచ్చి, నీరు ఆరాక పొడిగా మిగులుతాయి. దాన్నే మేం ఉప్పు పొక్కడం అంటాం. కొంచెం పొడి తీసి చెంచాడు నీళ్లలో వేయండి. కరిగిపోతే ఉప్పు. కరగకుండా నలకల్లా తేలితే బూజు.

రంగు మాట తర్వాత. ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలాలి. రెండు చోట్లా అడుగు వెడల్పు, అడుగు పొడవు అల్యూమినియం ఫాయిల్, చపాతీలు చుట్టేది, గోడకి ఆనించి నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అతికించండి. రెండు రోజులు ఉంచండి. ఫాయిల్‌కి మీ వైపు చెమ్మ ఉంటే నీరు గదిలోని గాలి నుంచి వస్తున్నట్టు. గోడ వైపు చెమ్మ ఉంటే గోడ లోపలి నుంచి వస్తున్నట్టు. ఈ రెండు రోజులూ పెయింటర్‌కి ఏదో ఒకటి చెప్పి ఆపండి.

మాస్టారు_రిటైర్డ్ | సెప్టెంబరు 15, ఉదయం 6:05

అమ్మా, ఒక మాట. మన భాషలో సాలెగూడుకీ బూజే, పచ్చడి మీద తెల్లగా వచ్చేదానికీ బూజే, గోడ మీద నల్లటిదానికీ బూజే. మాట ఒకటే కావడంతో చెయ్యి కూడా అలవాటుగా బూజుకర్ర మీదికే పోతుంది. దయచేసి ఆ పని చెయ్యకు. సాలెగూడు దులిపితే కింద పడుతుంది. ఇది దులిపితే గది నిండా లేస్తుంది. నేను తెలుగు మాస్టారినే గాని, ఈ సంగతి మా ఇంట్లో పక్క గదిలో సైన్సు మేడమ్ ఉండబట్టి తెలుసు.

ఇంకోటి. మా చిన్నతనంలో పెంకుటిళ్లకి ఏటా సంక్రాంతికి సున్నం వేసేవారు. ఇలాంటి నలుపు నేను చూసిన గుర్తు లేదు.

స్టాఫ్_నర్స్_టెక్కలి | సెప్టెంబరు 15, ఉదయం 7:50

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పొడిగా ఊడ్చొద్దు, ఫ్యాను వేసి గీకొద్దు. గది తలుపు వేసి, కిటికీ తీసి, ఎన్95 మాస్కు, చేతులకి గ్లౌజులు వేసుకుని, సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. గుడ్డని మధ్యమధ్యలో మడత మార్చండి, లేదంటే ఇక్కడ తీసింది అక్కడ పూసినట్టే. చివర్లో పొడి గుడ్డతో ఒత్తి ఆరబెట్టండి. తుడిచిన గుడ్డలు కవర్లో కట్టి పారేయండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కలో సుమారు 10 చదరపు అడుగుల లోపు బూజైతే ఇంట్లోవాళ్లే శుభ్రం చేసుకోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం ఆ పని పెట్టుకోకూడదు, ఆ పూట పాపని కూడా పక్కింట్లో ఉంచండి.

బ్లీచింగ్ గురించి ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ముందే చెప్తున్నా. టైల్స్ మీద పనిచేస్తుంది. సిమెంటు గోడ మీద పైపైన తెల్లబడుతుంది, అందులోని నీరు మాత్రం లోపలికి ఇంకుతుంది. పైగా చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెప్పిస్తుంది. అందుకే చంపడం కంటే తుడిచి తీసెయ్యడం ముఖ్యం. బ్లీచింగ్‌తో పాటు బాత్రూమ్ కడిగే యాసిడ్ గానీ, వెనిగర్ గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు వస్తుంది. మూసిన బాత్రూమ్‌లో రెండూ కలిపి కడిగి ఊపిరాడక వచ్చినవాళ్లని మా వార్డులో చూశాను.

పాప దగ్గు బూజు వల్లేనని మీకు మీరే తేల్చేసుకోకండి. పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో బూజు ఉందని మాత్రం తప్పకుండా చెప్పండి, మనవాళ్లు చెప్పరు.

ఉద్దానం_కొబ్బరి | సెప్టెంబరు 15, ఉదయం 10:15

బూజంటే మాకు తిత్లీ తుఫాను గుర్తొస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున. మాది కవిటి దగ్గర. రేకులు లేచిపోయాయి, ఇల్లంతా నీళ్లు, తర్వాత రోజులకొద్దీ కరెంటు లేదు. చెట్లు పోయిన దుఃఖంలో పరుపులు, బట్టల మూటలు ఎవరికి పట్టాయి? నాలుగో రోజు మూట విప్పితే మా అమ్మ పెళ్లిచీర మీద ఆకుపచ్చగా, నల్లగా మచ్చలు. బూరుగుదూది పరుపు చేత్తో నొక్కితే పుట్టగొడుగు వాసన. ఎండలో వేశాం, పైన ఆరింది, లోపల ఆరలేదు. చివరికి తగలబెట్టేశాం.

తడిసినదాన్ని 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టగలిగితే బూజు పట్టదని తర్వాత తెలిసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను వచ్చినప్పుడు ముందు బట్టలు, పరుపులు, పుస్తకాలు చూసుకున్నాం. సామాన్లు ఎటూ పోవు, తర్వాత తుడుచుకోవచ్చు.

పొందూరు_వాడు | సెప్టెంబరు 15, మధ్యాహ్నం 1:30

చీర మాటొచ్చింది కాబట్టి. మా నాన్నగారి ఖద్దరు పంచెలు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, జూన్‌లో స్టీలు బీరువాలో పెట్టాం. దసరాకి తీస్తే మడతల వెంబడి మిరియాల్లా చుక్కలు. పక్కనే గంజి పెట్టని తువ్వాళ్లకి ఏమీ కాలేదు! గంజి అంటే పిండే కదా, బూజుకి అంతకంటే విందు ఏముంది? మా ఇంట్లో అప్పటి నుంచి వానాకాలం దాచే నేత బట్టలకి గంజి బంద్. ఉతికి, బాగా ఎండలో ఆరేసి, వేడి చల్లారాక మడతపెట్టి దాస్తాం. కట్టుకునే ముందు రోజు గంజి.

నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం పురుగులకి. తేమని పీల్చవు. తేమకైతే సిలికా జెల్ పొట్లాలు, లేదా హ్యాంగర్‌కి తగిలించే కాల్షియం క్లోరైడ్ సంచులు. ఆ సంచి అడుగున నీళ్లు చేరుతుంటే ఎంత తేమ ఉందో కళ్లకి కనిపిస్తుంది. ఆ నీళ్లు బట్టల మీద ఒలకనివ్వకండి.

రింగురోడ్డు_రాజా | సెప్టెంబరు 15, సాయంత్రం 4:10

ఇంత కథెందుకండీ. కిటికీలు తెరిచి పెట్టుకుంటే సరి. గాలి ఆడితే బూజెందుకొస్తుంది?

కళింగపట్నం_గాలి | సెప్టెంబరు 15, సాయంత్రం 5:02

ఎండాకాలంలో సరే తమ్ముడూ. వానాకాలంలో మన దగ్గర బయటి గాలే తడిగుడ్డలా ఉంటుంది. నేను నాలుగైదు వందలు పెట్టి తేమ చూపించే చిన్న మీటరు కొన్నాను. ముసురు పట్టిన రోజు కిటికీ బయట 90 శాతం దాటి చూపిస్తుంది. కిటికీ తెరిస్తే ఆ 90 లోపలికి రావడమే. ఇంట్లో 60 లోపు ఉండాలంటారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో అంత తక్కువ నాకు ఏసీ గదిలో తప్ప ఎక్కడా కనిపించలేదు.

నేను చేసేది ఏంటంటే, ఎండ వచ్చినప్పుడు, పొద్దున్న పదకొండు నుంచి మూడింటి దాకా, అన్నీ తెరిచేస్తాను. ముసురులో మూసి ఫ్యాను తిప్పుతాను. వంట, స్నానం అయ్యాక పావుగంట, అరగంట ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపను. మీటరు కొన్నాక మా ఇంట్లో పెద్ద దొంగ దొరికింది: హాల్లో తాళ్లు కట్టి ఆరేసే బట్టలు. ఒక బకెట్టు బట్టలు ఆరాయంటే లీటరు, రెండు లీటర్ల నీళ్లు గాల్లోకి ఎక్కినట్టే కదా.

గంటస్తంభం_అమ్మాయి | సెప్టెంబరు 17, రాత్రి 8:55

ఫాయిల్ తీశాను. చిన్న గదిలో గోడ వైపు నీళ్లు బొట్లు బొట్లుగా ఉన్నాయి, పైన పొడిగా ఉంది. హాల్లో బీరువా వెనక మాత్రం తలకిందులు. ఫాయిల్ పైన, మా వైపు పొగమంచులా చెమ్మ, గోడ వైపు పొడి. తెల్ల పొడి నీళ్లలో కరిగిపోయింది. మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే రెండూ వేరు వేరు. కానీ హాల్లో మిగతా గోడలన్నీ బాగానే ఉన్నాయి, ఆ ఒక్క గోడకే ఎందుకు?

కళింగపట్నం_గాలి | సెప్టెంబరు 17, రాత్రి 9:03

ఆ గోడకి అటువైపు ఏముందండీ? ఏసీ గది కాదు కదా?

గంటస్తంభం_అమ్మాయి | సెప్టెంబరు 17, రాత్రి 9:06

మా బెడ్‌రూమే!! ఏసీ ఉంది. మా ఆయనకి 18లో పెడితే గాని నిద్ర పట్టదు.

కళింగపట్నం_గాలి | సెప్టెంబరు 17, రాత్రి 9:30

దొరికింది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా బల్ల మీద పెడితే బయట చెమటలు పడతాయి చూశారా? మీ గోడ ఆ సీసా. మన దగ్గర వానాకాలంలో గాలి ఎంత తడిగా ఉంటుందంటే 25, 26 డిగ్రీల చల్లటి వస్తువు తగిలినా నీరు కట్టేస్తుంది. గదుల మధ్య గోడలు నాలుగున్నర అంగుళాలే. అటు రాత్రంతా 18 అయితే ఇటు హాలు వైపు కూడా గోడ చల్లబడుతుంది. మామూలుగా ఫ్యాను గాలి తగిలి గోడ కాస్త వెచ్చబడుతుంది, చెమ్మ పట్టినా ఆరిపోతుంది. బీరువా వెనక గాలి కదలదు కాబట్టి ఆ ముక్క ఇంకా చల్లగా, ఇంకా తడిగా ఉంటుంది. అందుకే నలుపు బీరువా ఆకారంలో ఉండి ఉంటుంది.

గంటస్తంభం_అమ్మాయి | సెప్టెంబరు 17, రాత్రి 9:34

అచ్చం బీరువా ఆకారమే. తలుపు బొమ్మ గీసినట్టు. ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను.

సైట్_మేస్త్రి | సెప్టెంబరు 17, రాత్రి 10:10

ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. మా కాలంలో ఇళ్లలో ఏసీలెక్కడివి.

హాలు గోడకి రూపాయి ఖర్చు లేదు మేడమ్. బీరువా వేరే గోడకి మార్చండి, అక్కడ కూడా గోడకి జానెడు దూరం ఉంచండి. ఏసీ 26లో పెట్టి ఫ్యాను తిప్పమనండి సార్‌ని. హాల్లో బట్టలు ఆరెయ్యొద్దు.

చిన్న గది సంగతి వేరు. బాత్రూమ్ నీళ్లే గోడలోకి వస్తున్నాయి. నీళ్లొచ్చే పైపు కారుతోందా, పోయే నీళ్లు కారుతున్నాయా తేల్చాలి. రాత్రి పదింటికి ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత పెట్టి, ఇల్లంతా ఎవరూ కుళాయి తిప్పకుండా ఉంటే, తెల్లారి ఐదింటికి చూడండి. దిగితే పైపు, లేదా కారే కుళాయి, ఫ్లష్ ట్యాంకు. దిగకపోతే టైల్స్ సందులు, లేదా నేల కింద డ్రెయిన్. ఆ ఉప్పుని మాత్రం తడిగుడ్డతో తుడవకండి, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి ఎత్తి పారేయాలి. బూజుకి తడి గుడ్డ, ఉప్పుకి పొడి బ్రష్. తలకిందులు చెయ్యొద్దు.

మాస్టారు_రిటైర్డ్ | సెప్టెంబరు 18, ఉదయం 6:00

నా సున్నం మాట ఎవరూ పట్టించుకోలేదు.

సైట్_మేస్త్రి | సెప్టెంబరు 18, ఉదయం 7:15

తప్పు మాస్టారూ, మీ మాటలో సగం నిజం ఉంది. సున్నానికి క్షార గుణం ఎక్కువ, దాని మీద బూజు నిలవడం కష్టం. పైగా సున్నం గోడ ఊపిరి తీసుకుంటుంది, తడి లోపల ఉండిపోదు. విజయనగరం కోట గోడలే చూడండి, 1713 నాటివి. కానీ ఆ పెంకుటిళ్లలో కట్టెల పొయ్యి వెచ్చదనం, పెంకుల సందుల్లోంచి గాలి కూడా ఉండేవి. బూజు లేదంటే ఒప్పుకోను, అటక మీద తాటాకు బుట్టలు మర్చిపోయారేమో. ఇప్పటి లప్పం, ఎమల్షన్ మీద సున్నం కొడితే పట్టదు, పొరలుగా లేచిపోతుంది. పాతది పూర్తిగా గీకి సిమెంటు కనిపించాకే వేయాలి.

మాస్టారు_రిటైర్డ్ | సెప్టెంబరు 18, ఉదయం 7:40

సగం మార్కులు వేశారు. చాలు, పాసయ్యాను. అటక సంగతి మా ఆవిడ కూడా అదే అంటోంది.

గంటస్తంభం_అమ్మాయి | సెప్టెంబరు 24, రాత్రి 9:15

ట్యాంకు పరీక్ష చేయడానికి వారం పట్టింది, ఓనరు గారిని ఒప్పించడానికి! ఏడేళ్ల ఇల్లు లీకేంటమ్మా, మీరు నీళ్లు ఎక్కువ వాడుతున్నారు అన్నారు. మొన్న రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ఏదీ కారట్లేదని చూసుకుని, నేనూ ఆయనా కలిసే గీత పెట్టాం. తెల్లారి చూస్తే రెండు అంగుళాలు దిగింది. ఆయన ఏమీ అనలేదు, కిందికి దిగి ప్లంబర్‌కి ఫోన్ చేశారు. గోడలో గీజరుకి పోయే పైపు ఎల్బో దగ్గర చీలిందట. రెండు టైల్స్ పగలగొట్టి మార్చారు. ఆ రాత్రి మళ్లీ గీత పెట్టాం, కదల్లేదు.

పెయింటర్‌కి ఇప్పుడు రమ్మనొచ్చా? ఇంకా పన్నెండు రోజులుంది జాతరకి.

సైట్_మేస్త్రి | సెప్టెంబరు 24, రాత్రి 9:50

వద్దు మేడమ్. లీకు ఆగింది గాని గోడ ఆరలేదు. మా లెక్క అంగుళం మందానికి నెల. అటువైపు టైల్స్ ఉన్నాయి కాబట్టి ఒక వైపు నుంచే ఆరాలి, అంటే నాలుగు నెలలు దాటుతుంది. పొక్కిన చోటల్లా లప్పం, రంగు గీకించి సిమెంటు బయటపెట్టి వదిలేయండి. చూడ్డానికి బాగోదు. ఉగాదికి వేయించుకోండి.

గంటస్తంభం_అమ్మాయి | సెప్టెంబరు 24, రాత్రి 9:58

పదిహేను మంది చుట్టాలు, గీకిన గోడ. సరే, కానీండి.

స్టాఫ్_నర్స్_టెక్కలి | సెప్టెంబరు 24, రాత్రి 10:05

పాప ఎలా ఉంది?

గంటస్తంభం_అమ్మాయి | సెప్టెంబరు 24, రాత్రి 10:11

డాక్టర్‌కి చూపించాం, ఇన్‌హేలర్ ఇచ్చారు. బూజు సంగతి చెప్తే ఫోటో అడిగి మరీ చూశారు. ఇప్పుడు ముందు గదిలో పడుకోబెడుతున్నాం. కాస్త నయం.

పొందూరు_వాడు | అక్టోబరు 9, ఉదయం 8:20

జాతర అయిపోయింది కదా, ఏమన్నారు చుట్టాలు?

గంటస్తంభం_అమ్మాయి | అక్టోబరు 9, రాత్రి 9:40

మా పెద్దత్తగారు గుమ్మంలో అడుగు పెడుతూనే "ఏటమ్మా ఆ గోడ, అలగ్గానుంది" అన్నారు. ట్యాంకు గీత కథంతా చెప్పాను. అయిపోయాక ఆవిడ నెమ్మదిగా, మా ఇంట్లో కూడా పూజగది పక్క గోడ మూడేళ్లుగా అలాగే ఉంది, ఏటా రంగు వేయిస్తున్నాం అన్నారు. వెళ్తూ వెళ్తూ ఫాయిల్ చుట్ట ఒకటి పట్టుకెళ్లారు.

గంటస్తంభం_అమ్మాయి | డిసెంబరు 4, రాత్రి 9:05

మొన్న రెండు చోట్లా మళ్లీ ఫాయిల్ అతికించి ఇవాళ తీశాను. హాల్లో రెండు వైపులా పొడి. అక్కడ రంగే వేయించలేదు, తుడిచిన మరక లేతగా కనిపిస్తోంది అంతే. చిన్న గదిలో ఫాయిల్ వెనక ఇంకా సన్నగా చెమ్మ ఉంది, బొట్లు మాత్రం లేవు. ఏసీ 25 దగ్గర రాజీ కుదిరింది. పెయింటర్ సంక్రాంతికి వస్తానని ఫోన్ చేశాడు, ఉగాదికి రమ్మన్నాను.

సైట్_మేస్త్రి | డిసెంబరు 4, రాత్రి 9:30

ఫిబ్రవరి చివర్లో ఒకసారి ఫాయిల్ పెట్టి చూశాకే రమ్మనండి మేడమ్.